రైఫిలు దుర్బిణి: అల్పవ్యయమున దాని ఎన్నిక

రైఫిలు గొట్టముపై బిగింపబడి, దవ్వుననున్న లక్ష్యమును చేరువ చేసి చూపుటయే గాక, లక్ష్యబింబమును గుఱిగీతలను ఒకే తలమునందు నిలిపి కంటికి అందించు కటక సాధనమునకు రైఫిలు దుర్బిణి అని పేరు. నేటి వాడుకలో దీనిని స్కోపు అందురు. ఇనుప గుఱిని నమ్ముకొన్న తుపాకిలో వెనుకనున్న గంటు, ముందున్న మొన, వాని కావలనున్న లక్ష్యము అను మూడును మూడు వేర్వేరు దూరములందుండుటచేత మానవనేత్రము వానినన్నిటిని ఏకకాలమున స్పష్టముగ చూడజాలదు; ఒకదానిపై దృష్టి నిలిపినచో తక్కిన రెండును మసకబారును. నలువది యేండ్లు దాటినవానికి ఈ కష్టము ఇనుమడించును. స్కోపు చేయు మొదటి మేలు ఈ కష్టమును తొలగించుటయే. వస్తువును పెద్దదిగ చూపుట రెండవ మేలు మాత్రమే. ఈ తారతమ్యమును గ్రహింపక, పెంపును తెలుపు అంకె ఎంత పెద్దదైన అంత మంచిదని తలచి కొనువారే అంగళ్లలో ఎక్కువగా నష్టపోవుచున్నారు.

దూరదర్శక యంత్రమును తుపాకికి జోడింపవలెనను తలంపు ప్రాచీనమే యైనను, పనికి వచ్చు సాధనము 19వ శతాబ్ది నడుమగాని సిద్ధింపలేదు. అమెరికాలోని యూటికా నగరవాసి మోర్గన్ జేమ్స్, జాన్ చాప్‌మన్ అను ఇంజనీరు సూచనల ననుసరించి, 1840 ప్రాంతములయందు రైఫిలు గొట్టమంత పొడవుగల దుర్బిణులను చేసెను. 1855లో సిరక్యూజ్ నగరమున విలియం మాల్కం వర్ణదోషమును తగ్గించు కటకములతో ఈ పనిని మెఱుగుపఱచెను. అయినను సామాన్యుడు కొనదగిన స్కోపును సంభవింపజేసినవి ఆ పిమ్మట వచ్చిన రెండు నవకల్పనలు. 1935లో జర్మనీ దేశమున జైస్ సంస్థయందు అలెగ్జాండర్ స్మాకులా కటకములపై కాంతి పరావర్తనమును అణచు పలుచని పూతను కనిపెట్టెను. 1940ల తుదియందు అమెరికాలో లూపోల్డ్ సంస్థ స్కోపు గొట్టములోని గాలిని తొలగించి నైట్రోజను వాయువును నింపి మూయు పద్ధతిచే లోపలి తేమను నివారించెను. నేడు చవుకలో దొరకు స్కోపులును ఈ రెండింటికి ఋణపడినవే. అయితే చవుక సరకులో మొదట కోతపడునదియు ఈ రెండింటియందే.

నల్లమల అంచు

నంద్యాలకు ఉత్తరముగ, కుందూ నది తడుపు వరిమళ్లకును తూర్పున నిలిచిన నల్లమల కొండలకును నడుమ బండి ఆత్మకూరు మండలము కలదు. ఓంకార క్షేత్రము దాటగనే అడవి మొదలగును. దక్షిణమున మహానంది అరటితోటలు, అటుపై గాజులపల్లె, శిరివెళ్ల, రుద్రవరము, అహోబిలము వఱకు పొలమునకును అడవికిని గట్టు అడ్డముండని చోట్లు అనేకములు. ఈ అంచున తుపాకి కథ నేటిది కాదు. సికింద్రాబాదు చెంత బొలారములో 1910లో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ అను వేటగాడు, నరహంతక మృగముల వేటను గూర్చి వ్రాసిన కథలలో, నంద్యాలనుండి గిద్దలూరు మీదుగా నల్లమలను చీల్చుకొని పోవు రైలుమార్గమునందలి దిగువమెట్ట ప్రాంతమునకు చోటిచ్చెను. ఆయన వాడినది .405 వించెస్టరు రైఫిలు. రాత్రివేళ మంచెపై కూర్చుండి, తుపాకికి బిగించిన టార్చి వెలుగున, ఇనుప గుఱితో కాల్చుట ఆయన అలవాటు. కుమావూను కొండలలో పేరుమోసిన జిమ్ కార్బెట్ తన .275 రిగ్బీ రైఫిలుపైనను కటకములను నమ్ముకొనలేదు. పొదల నడుమ ఇరువది ముప్పది గజముల దూరమున మృగము కానవచ్చు అడవిలో దుర్బిణి వారికి అవసరపడలేదను సత్యమును నేటి కొనుగోలుదారు మఱువరాదు: నల్లమల వంటి ఆకురాల్చు అడవిలో చూపు పాఱు దూరము పలుచోట్ల నూఱు మీటర్లకు మించదు.

ఐనను నేటి పాఠకునకు అంతకంటె ముఖ్యమైన సంగతి మఱొకటి కలదు. ఈ కొండలలో వేట నేడు నిషిద్ధము. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది; దాని 9వ సెక్షను వేటను నిషేధించుచున్నది; 1991 నాటి సవరణ పూర్వము లైసెన్సుపై సాగిన వేటకును తలుపు మూసినది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యము 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోనికి వచ్చెను. దాని నానుకొని గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము కలదు. పడమటి మెట్టభూములలో బట్టమేక పక్షికై 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యమున రాష్ట్ర జంతువగు కృష్ణజింకయు సంచరించును. 2023 మార్చి నెలలో కొత్తపల్లి మండలమందలి పెద్ద గుమ్మడాపురము ఊరి చెంత నాలుగు పులికూనలు తల్లినుండి తప్పి దొరకినపుడు, ఊరివారు వానిని కాపాడి అటవీశాఖవారికి అప్పగించిన తీరు ఈ ప్రాంతమునకు గౌరవము తెచ్చిన సంఘటన. అట్టి నేలపై వేటకు స్కోపు నెన్నుకొను పద్ధతిని బోధించుట ధర్మముగాదు. ఈ వ్యాసమున వేట అను మాట పూర్వచరిత్రకును, విదేశములలో చట్టము అనుమతించిన చోట్లకును మాత్రమే వర్తించును.

మఱి ఇచ్చట స్కోపుతో పని ఎవరికి? మొదటివారు ఎయిర్‌గన్నుతో గుఱి సాధన చేయువారు. ఆయుధముల నియమావళి 2016 ప్రకారము 4.5 మిల్లీమీటర్ల గొట్టము కలిగి, మూతివద్ద శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్‌గన్నుకు లైసెన్సు అక్కఱలేదు. అంతమాత్రమున దానితో పిట్టలను కొట్టుట నేరముగాక పోదు. రెండవవారు 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు పొంది, పంటరక్షణకో ఆత్మరక్షణకో క్రీడకో రైఫిలు కలిగియున్నవారు. ఒక వ్యక్తికి గరిష్ఠముగ మూడు తుపాకులుండవచ్చునను నియమమును 2019 సవరణ రెండింటికి తగ్గించినది. మూడవవారు అటవీశాఖ పశువైద్యులు. మత్తుమందు సూదిని విసరు తుపాకిపైనను చిన్న స్కోపు బిగించుట పరిపాటి, ఏలనన ఆ సూది మృగము తొడకండలోనే నాటవలెను, అంగుళము తప్పినను ప్రాణాపాయము. ఇక అడవి పందుల సంగతి. మహానంది అరటితోటలలోను, కొండక్రింది మొక్కజొన్న, వేరుసెనగ చేలలోను ఒక్క రాత్రిలో ఇవి చేయు నష్టము కన్నీరు తెప్పించునదే. 2022 సవరణ పిదప అడవి పంది రెండవ షెడ్యూలునందున్నది. పంటకు హాని చేయుచున్నదని రుజువైనపుడు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడో ఆయన అధికారమిచ్చిన అధికారియో వ్రాతపూర్వకముగ అనుమతి నీయవచ్చునని 11వ సెక్షను చెప్పుచున్నది. ఆ అనుమతి లేనిదే రైతు తన పొలములోనైనను తుపాకి పేల్చరాదు. చేని చుట్టు కరెంటు తీగ చుట్టుటయు, నాటుబాంబు పెట్టుటయు మనుష్యులను, పసరములను, పులులను సైతము బలిగొన్న ఘోర కృత్యములు. వానిని ఎవ్వరును ఎట్టి కారణముచేతను సమర్థింపజాలరు.

వెలుతురు, పెంపు, గీతలు

స్కోపుపై 3-9×40 అను గుర్తు కాననగును. మొదటి రెండంకెలు వస్తువు మూడింతలనుండి తొమ్మిదింతల వఱకు చేరువగ కనిపించుననియు, చివరి అంకె ముందు కటకపు వ్యాసము 40 మిల్లీమీటర్లనియు తెలుపును. వ్యాసమును పెంపుచే భాగించినచో కంటికి అందు కాంతివృత్తపు వ్యాసము వచ్చును. ఈ చిన్న భాగహారము కొనుగోలుదారు చేతిలోని అన్నింటికంటె పదునైన పనిముట్టు. మూడింతల వద్ద 40 మిల్లీమీటర్ల కటకము 13 మిల్లీమీటర్లకు పైబడిన వృత్తమునిచ్చును. తొమ్మిదింతల వద్ద అది 4.4 మిల్లీమీటర్లకు కుదించుకొనును. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెఱచుకొనును గనుక ఇది చాలినంత. సాయంసంధ్యలో పడుచువాని కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వఱకును, నడివయసువానిది సుమారు అయిదింటి వఱకును విప్పారును గనుక, అప్పుడు పెంపును నాలుగైదింతలకు తగ్గించుకొన్నవాడు వెలుతురును పూర్తిగ పొందును. 6-24×50 అను గుర్తు చూచి మురిసినవాడు ఇరువది నాలుగింతల వద్ద తనకు అందునది రెండు మిల్లీమీటర్ల సన్నని వెలుగుచుక్క మాత్రమే యని లెక్కించుకొనవలెను. తల వెండ్రుకవాసి కదలినను ఆ చుక్క కంటినుండి జారిపోయి బింబము నల్లబడును.

పూతలేని గాజు ఒక్కొక్క ముఖమువద్ద పడిన కాంతిలో నూటికి నాలుగు వంతులు వెనుకకు మరల్చును. స్కోపులో అయిదు కటకములున్నవనుకొన్నచో పది ముఖములు. కాంతిలో మూడవవంతు దారిలోనే నష్టమగును. నష్టపడిన కాంతి ఊరకుండక, గొట్టము లోపల అటునిటు చెదరి బింబముపై తెల్లని తెరవలె వ్యాపించును. ప్రతి ముఖమునకు పలుపొరల పూత వేసిన స్కోపు ఈ నష్టమును బహు స్వల్పమునకు తగ్గించును. ముందు కటకపు వ్యాసమును పెంచుట అంగడివానికి సులభము. పూతను మెఱుగుపఱచుట కర్మాగారమునకు ఖర్చు. ఆ హేతువుచేతనే 50 మిల్లీమీటర్ల చవుక స్కోపుకంటె మంచి పూతగల 32 మిల్లీమీటర్ల స్కోపు మునిమాపు వేళ స్పష్టముగ చూపును. పరీక్ష సులభము: ప్రొద్దుగ్రుంకు సమయమున, సూర్యునివైపు సుతరాము త్రిప్పక, నీడనున్న చెట్టు మొదటిని చూడవలెను, బెరడు గీతలు కానవచ్చునో, బూడిద రంగు ముద్ద కానవచ్చునో కన్నే చెప్పును.

పెంపు ఎంత కావలెనను ప్రశ్నకు లెక్కయే సమాధానము. మానవనేత్రము సాధారణముగ ఒక నిమిషకోణమును విడదీసి చూడగలదు. నూఱు మీటర్ల దూరమున అది 29 మిల్లీమీటర్లు. నాలుగింతల స్కోపుతో అదే దూరమున ఏడు మిల్లీమీటర్ల వస్తువు విడివడి కానవచ్చును. తొమ్మిదింతలతో మూడు వందల మీటర్లకు సుమారు పది మిల్లీమీటర్లు కానవచ్చును. సామాన్యుని రైఫిలు మూడు వందల మీటర్లకు అరచేతి వెడల్పులో గుండ్లు కూర్చుటయే గొప్ప. తుపాకి కూర్చజాలని సూక్ష్మమును కన్ను చూచినందున ప్రయోజనమేమి? దీనికి తోడు నంద్యాల ఎండ. చైత్ర వైశాఖములలో ఈ సీమ రాష్ట్రమున మిక్కిలి వేడిమి గల చోట్లలో నొకటి. నల్లరేగడి చేలనుండి పైకిలేచు ఎండమావి పది పన్నెండింతలు దాటిన స్కోపులో ఏఱై పాఱును, లక్ష్యము నీటిలో తేలుచున్నట్లు అల్లాడును. పెంపు హెచ్చిన కొలది ఆ అల్లాటయు హెచ్చును.

గుఱిగీతలలో సాదా కూడలి, నడుమ సన్నబడి అంచుల లావైన డూప్లెక్సు, కొలత చుక్కలుగల మిల్ అను మూడు రకములు ముఖ్యము. మిల్ అనునది నూఱు మీటర్లకు పది సెంటీమీటర్ల కొలత. గుఱిని సర్దుటకు స్కోపుపైనున్న బిళ్ళ మిల్లులో పదవవంతు చొప్పున కదలునదైనచో ఒక్క టిక్కుకు అక్కడ ఒక్క సెంటీమీటరు జరుపును. నిమిషకోణపు బిళ్ళ టిక్కుకు పావు నిమిషము, అనగా సుమారు 7 మిల్లీమీటర్లు జరుపును. రెండును మంచివే, గీతలు ఒక కొలతలోను బిళ్ళలు వేఱొక కొలతలోను ఉన్న స్కోపును మాత్రము చవుకయని కొనరాదు, లెక్క తప్పుటకు అదియే మార్గము. పెంపు మార్చునపుడు గీతలు లక్ష్యముతోపాటు పెరుగునవి మొదటి నాభితలపు స్కోపులు, మాఱక నిలుచునవి రెండవ నాభితలపువి. మొదటి రకమున కొలత ఏ పెంపువద్దనైనను నిజము; రెండవ రకమున సాధారణముగ గరిష్ఠ పెంపువద్దనే నిజము. మొదటి రకము ఖరీదు హెచ్చు. మూడు వందల మీటర్ల లోపలి పనికి ఆ అదనపు వ్యయము దండుగ.

దృగ్భేదమును, తన్నును

పారలాక్సు అను దృగ్భేదము ఎయిర్‌గన్నువారికి పరమశత్రువు. లక్ష్యబింబము గీతల తలముపై సరిగ పడనపుడు, కన్ను ప్రక్కకు జరిగిన కొలది గీతలు లక్ష్యముపై జరుగును. పెద్ద రైఫిళ్లకై చేసిన స్కోపులు సామాన్యముగ నూఱు గజములకు సరిచేయబడియుండును. 40 మిల్లీమీటర్ల కటకము గల అట్టి స్కోపును పది మీటర్లకు వాడినచో కన్ను అంచుకు జరిగినపుడు పొరపాటు సుమారు 18 మిల్లీమీటర్ల వఱకు పోవచ్చును. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో పదిపాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరని తలచినచో ఈ దోషపు తీవ్రత బోధపడును. కావున ఎయిర్‌గన్నుకు కొనువారు పది మీటర్లనుండి సరిచేయదగిన వలయము, ముందు కటకముపైగాని ప్రక్కనుగాని, ఉన్నదానినే ఎన్నుకొనవలెను.

స్ప్రింగు ఎయిర్‌గన్ను తన్ను విచిత్రమైనది. పెద్ద రైఫిలు వెనుకకే తన్నును; స్ప్రింగు తుపాకిలో ముషలకము ముందుకు దూకునపుడు తుపాకి వెనుకకును, అది గొట్టపు కొనను తాకినపుడు ముందుకును తన్నును. వెనుకతన్నునకు మాత్రమే కట్టిన కటకములు ఈ రెండవ తన్నుకు ఊడిపోవును. మంచి పేరుగల వేట స్కోపు సయితము స్ప్రింగు తుపాకిపై పాడయిన దృష్టాంతములు కలవు. ఎయిర్‌గన్నుకు తగునని తయారీదారు స్పష్టముగ వ్రాసియిచ్చిన స్కోపునే కొనుట, వెనుకకు జారకుండ స్టాపు పిన్ను గల పట్టును బిగించుట తప్పనిసరి. తుపాకితో ఉచితముగ వచ్చు 4×20 స్కోపు పిల్లల ఆటవస్తువునకు మించినది కాదు. దానిని పారవైచి కొంతకాలము ఇనుప గుఱితో సాధన చేయుట మేలు.

లైసెన్సు రైఫిళ్లలో మన దేశమున చిరకాలముగ ప్రసిద్ధమైనది ప్రభుత్వ కర్మాగారపు .315 స్పోర్టింగు రైఫిలు. ఇది లీ–ఎన్‌ఫీల్డు యంత్రరచనపై నిర్మితము. నాటి సైనికుల ఇనుప గుఱికై కూర్చినది గాని స్కోపుకై కాదు. దీనిపై స్కోపు బిగింపవలెనన్న ప్రక్క పట్టుగాని ప్రత్యేకమైన వంతెన పట్టుగాని కావలెను. గొట్టమునకో రిసీవరుకో బెజ్జములు తొలిపించు పని లైసెన్సు గల ఆయుధ నిపుణునిచేత తప్ప చేయింపరాదు. కంటికిని వెనుక కటకమునకును మూడు నాలుగు అంగుళముల ఎడముండవలెను. ఎడము చాలని స్కోపు మొదటి గుండుకే కనుబొమను చీల్చును.

స్కోపును తుపాకికి బిగించు పట్టులును, దాని గొట్టమును చుట్టి పట్టు ఉంగరములును ఎంత ముఖ్యములో ఎవ్వరును తగినంతగ చెప్పరు. స్కోపుకు పెట్టిన ధనములో నాలుగవవంతైనను వీనికి కేటాయింపవలెనని నా నిశ్చితాభిప్రాయము. గుండ్లు చెదరుచున్నవని స్కోపును నిందించు సందర్భములలో పెక్కింట దోషము వదులైన మరలదే. ఉంగరపు మరలను చేతిబలము కొలది బిగించినచో పలుచని గొట్టము నొక్కుకొనిపోయి లోని కటకబంధము ఇరుకునబడును; సమముగ, కొద్దికొద్దిగ, నాలుగు మరలను మార్చి మార్చి బిగింపవలెను.

ఈ సీమలో లైసెన్సుదారుకు ఎదురగు మఱొక విశేషము కలదు. ఎన్నికలు వచ్చినపుడెల్ల తుపాకులను పోలీసు ఠాణాలో జమచేయుమని ఉత్తరువు వచ్చును; నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి ఇది చిరపరిచితము. వారములకొలది గోడకానించి, ఇతర తుపాకుల నడుమ ఉండి తిరిగివచ్చిన రైఫిలుపైనున్న స్కోపు గుఱి చెడలేదని నమ్మరాదు. జమచేయుటకు ముందు స్కోపును పట్టుతో సహా విప్పి ఇంట పదిలపఱచుట ఉత్తమము. మరల బిగించిన పిదప గుఱిని సరిచూచుట విధి. విప్పి బిగించినను తొల్లింటి గుఱికే వచ్చు పట్టు కొనదగినది.

తూటాలు లైసెన్సులోని పరిమితికి లోబడినవి, ఖరీదైనవి. గుఱి కుదుర్చుటకే తూటాలన్నియు వ్యయము చేయుట సామాన్యునకు తగదు. అందుచేత కొనుటకు ముందే గుండు లేకుండ చేయు పరీక్షను చెప్పవలసియున్నది. స్కోపును తుపాకిపై గాక బరువైన కొయ్యదిమ్మెపై కదలకుండ బిగించి, సరిగ యాభై మీటర్ల దూరమున అయిదేసి సెంటీమీటర్ల గళ్లు గీసిన అట్టను నిలుపవలెను. అక్కడ ఒక్కొక్క గడి ఒక మిల్. బిళ్ళను పది మిల్ పైకి త్రిప్పినచో గీత సరిగ పది గళ్లు దాటవలెను. అంతే క్రిందికి, కుడికి, ఎడమకు త్రిప్పి మొదటి చోటికి తెచ్చినచో గీత మొదటి బిందువునే తాకవలెను. పెంపును తక్కువనుండి హెచ్చునకు మార్చునపుడు కూడలి కదలరాదు. ఈ పరీక్షలో నెగ్గిన చవుక స్కోపు, నెగ్గని ఖరీదైన స్కోపుకంటె శ్రేష్ఠము. కొనునపుడు వాపసు తీసికొందునని వ్రాసియిచ్చు అంగడినే ఆశ్రయింపవలెను.

వానకాలపు తేమ మఱొక గండము. నైట్రోజను నింపని గొట్టములోనికి ఆవిరి చేరి మంచు పట్టును. తోలుసంచిలో నెలల తరబడి పెట్టిన స్కోపు కటకములపై బూజు సాలెగూటివలె అల్లుకొని పూతను తినివేయును, ఆ మచ్చ తుడిచిన పోదు. గాలి సోకు బీరువాలో సిలికాజెల్ పొట్లముతో ఉంచుటయే దీనికి విరుగుడు. కటకమును పంచె చెంగుతో తుడుచు అలవాటు మానవలెను.

దూరలక్ష్యము

అయిదు వందల మీటర్లు, వేయి మీటర్లు అను మాటలు యువకుల నోట తరచుగ వినవచ్చుచున్నవి. గుండు గురుత్వమునకు లోబడినది. మూడు వందల మీటర్లు చేరుటకు సుమారు 0.4 సెకను పట్టు వేటగుండు ఆ లోపల 80 సెంటీమీటర్లు క్రుంగును. అయిదు వందలు చేరుటకు ముప్పాతిక సెకను పట్టినచో క్రుంగుదల రెండు ముప్పాతిక మీటర్లు. దూరము కొంచెము పెరిగిన పొరపాటు చాల పెరుగును. దూరమును లెక్కించుటలో నూటికి అయిదు వంతులు తప్పినవానిని ఏ స్కోపును రక్షింపజాలదు. వేయి మీటర్లకు .308 వంటి తూటాతో నలువది నిమిషకోణములకు పైగా ఎత్తవలసియుండగా, 25.4 మిల్లీమీటర్ల గొట్టముగల సామాన్య స్కోపు మొత్తము సర్దుబాటులో పైకి దొరకునది తరచు అందులో సగముకంటె కొంచెమెక్కువ మాత్రమే. అందుకై 30 మిల్లీమీటర్ల గొట్టము, ముందుకు వాలిన పట్టు, నమ్మకముగ తిరుగు బిళ్ళలు కావలెను. ఇది అల్పవ్యయముతో అగు పని కాదు. అంతకుమించి, అంత దూరము కాల్చదగిన సామాన్యుల మైదానములు మన రాష్ట్రములలో దుర్లభములు. కొండవాలుపై రాతిని గుఱిచూచి పేల్చుట నేరము, గుండు రాతిని తాకి ఎటు ఎగురునో ఎవ్వరును చెప్పలేరు.

1951లో ఏర్పడిన జాతీయ రైఫిలు సంఘపు ఆధ్వర్యమున జరుగు క్రీడాపోటీలు వేఱు మార్గము. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్యపతకము గెలిచినపుడు ఆయన రైఫిలుపై పెంచి చూపు స్కోపు లేదు. సూక్ష్మమైన రంధ్రముగుండ చూచు గుఱి మాత్రమే ఉండెను, ఏలనన ఆ పోటీలో స్కోపు నిషిద్ధము. బండి ఆత్మకూరులోనో ఆళ్లగడ్డలోనో కుమారుని షూటింగులో తీర్చిదిద్దవలెనని తలచు తండ్రి స్కోపుకు ధనము వెచ్చింపక, శిక్షకునికిని పెల్లెట్లకును వెచ్చించుట వివేకము. రాత్రిచూపు యంత్రములును, ఉష్ణమును చూపు యంత్రములును సామాన్యుడు ముట్టదగినవి కావు. విదేశమునుండి ఏ స్కోపునైనను తెప్పించుకొనువాడు ముందుగా లైసెన్సు అధికారిని, కస్టమ్సు నియమములను విచారించి తెలిసికొనవలెను.

బుష్‌నెల్, హాక్, వోర్టెక్స్, లూపోల్డ్ వంటి విదేశీయ సంస్థల చవుక తరగతులును, చీనాలో తయారగు పలు పేర్లును మన అంగళ్లలో కాననగును. నకిలీలు మెండు గనుక పెట్టె మీది పేరుకంటె పైని చెప్పిన పరీక్షలను నమ్ముట మేలు. స్ప్రింగు ఎయిర్‌గన్నుకు పది మీటర్లనుండి సరిచేయదగిన 3-9×40, లేదా 4×32 చాలును. లైసెన్సు రైఫిలుకు నిలుకడగల 4×32గాని, మంచి పూతగల 3-9×40గాని నూఱు మీటర్లకు గుఱి కుదిర్చి వాడినచో మూడు వందల మీటర్ల వఱకు కొఱతపడదు. తొమ్మిదింతలకు మించిన పెంపుకై ఒక్క రూపాయి అదనముగ వెచ్చింపవద్దు. ఆ రూపాయిని పట్టులకును సాధనకును మళ్లింపుడు. అడవి పందులచే పంట నష్టపడిన రైతులు తుపాకి మాట తలపెట్టకముందే నష్టమును ఫోటోలు తీసి, గ్రామ రెవిన్యూ అధికారి పరిశీలనతో సమీప అటవీ రేంజి కార్యాలయమున అర్జీ దాఖలు చేసి, దాని రసీదును భద్రపఱచుకొనవలెనని మనవి.